బేస్ తగ్గిందా? ముందు వైర్లు చూడండి

పర్లాకిమిడిలో మైకు సెట్టు అద్దెకిస్తుంటాను. ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి ప్రకటనలు చెప్పే ఊరు మాది. మాట తేటగా వినిపించకపోతే రెండు భాషలవారూ నా దగ్గరికే వస్తారు.

ఒక పెళ్లికి పందిరికి చెరో వైపున రెండు బేస్ బాక్సులు పెట్టాను. బాక్సుల దగ్గర డోలు దెబ్బ గట్టిగానే ఉంది. నడుమ కూర్చున్నవారికి మాత్రం పల్చగా, డబ్బా వాయించినట్టు వినపడింది. వాల్యూమ్ పెంచితే యాంప్లిఫైయర్ వేడెక్కిందే తప్ప ఫలితం లేదు. చివరికి ఒక బాక్సు వైరు తీసేస్తే పందిరి మధ్యలో బేస్ పెరిగింది! బాక్సు విప్పి చూస్తే, కోన్ (స్పీకర్‌లో ముందుకూ వెనక్కీ కదిలి శబ్దం చేసే గరాటులాంటి పొర) మార్చినవారు లోపలి వైర్లను తారుమారుగా అతికించారు.

ఒక కోన్ గాలిని ముందుకు నెడుతున్నప్పుడే రెండోది వెనక్కి లాగితే, నడుమ ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ముందుగా పోయేది బేసే. 50 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. అందుకే ఆ నష్టం ఒక కుర్చీతో ఆగదు, వరుసలకు వరుసలే దెబ్బతింటాయి.

పరీక్షకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు చాలు. బాక్సును యాంప్లిఫైయర్ నుంచి పూర్తిగా విడదీయండి. వేలికొసలను కోన్ మీద బరువు వేయకుండా ఆనించండి. సెల్లు బొడిపెను ప్లస్‌కు, అడుగును మైనస్‌కు కలిపి ఒక్క క్షణం తాకించి తీసేయండి. టక్కుమంటూ కోన్ వేళ్లను బయటికి నెడితే పొలారిటీ, అంటే ప్లస్ మైనస్‌లు కలిపిన తీరు, సరిగా ఉన్నట్టే. కొన్ని పాత జేబీఎల్ కంపెనీ స్పీకర్లలో మాత్రం లోపలికి కదలడమే సహజం. సన్నని శబ్దాలు పలికించే ట్వీటర్‌కు, హారన్ డ్రైవర్‌కు మాత్రం సెల్లు తాకించవద్దు. క్రాసోవర్ (బేస్‌ను, సన్నని శబ్దాలను విడదీసి వేర్వేరు స్పీకర్లకు పంపే సర్క్యూట్) ఉన్న పెట్టెలో ట్వీటర్ వైర్లు తిరగేసి కనిపిస్తే తొందరపడి సరిచేయకండి. కొన్ని డిజైన్లలో కావాలనే అలా కలుపుతారు.

జంట వైరు రెండు పాయలూ ఒకే రంగులో ఉంటే చాలావాటిలో ఒక పాయ మీద సన్నని గట్టు ఉంటుంది. చీకట్లో గోటితో తడిమినా తెలుస్తుంది. నేను గట్టున్న పాయను ఎప్పుడూ ప్లస్‌కే వాడతాను. ప్యారలల్‌లో ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్. సిరీస్‌లో మొదటి స్పీకర్ మైనస్ నుంచి రెండోదాని ప్లస్‌కు. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు ప్యారలల్‌లో కలిపితే 4 ఓమ్‌లు అవుతాయి. మీ యాంప్లిఫైయర్ అంత లోడు తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోండి.

వైర్లన్నీ సరిగా ఉన్నా ఒక్కోచోట బేస్ పోతుంది. అది ఫేజ్, అంటే దూరం తెచ్చే తేడా. ఒక బాక్సు మీకు రెండోదానికన్నా 1.7 మీటర్లు దగ్గరగా ఉంటే అక్కడ 100 హెర్ట్జ్ దెబ్బతింటుంది. వైర్లు తిప్పితే ఆ కుర్చీకి బాగవుతుంది, నడుమ కూర్చున్నవారికి పాడవుతుంది. బేస్ బాక్సులు రెంటినీ పక్కపక్కనే పెట్టడం మేలు.

రథయాత్రకు వీధి పొడవునా బాక్సులు పెట్టినప్పుడు డిలే, అంటే దూరపు బాక్సుకు శబ్దాన్ని కాస్త ఆలస్యంగా పంపడం, కూడా కావాలి. శబ్దం సెకనులో పదో వంతుకు దాదాపు 34 మీటర్లు వెళుతుంది. కాబట్టి మొదటి బాక్సుకు అంత దూరంలో ఉన్న బాక్సుకు 100 మిల్లీసెకన్ల డిలే ఇచ్చి, దాని ముందు నిలబడి మాట రెండుసార్లు వినిపించకుండా ఉండేదాకా సరిచేస్తాను.