యూఎస్‌బీ మిసైల్ లాంచర్: అటూ ఇటూ తిరుగుతుంది, ఫైర్ నొక్కితే ఆగిపోతుంది

పక్క సీటువాళ్ల మీదకి ఫోమ్ మిసైళ్లు వదిలే ఆ బొమ్మ లాంచర్ పాడైందని నా దగ్గరికి చాలామంది తెచ్చారు. వాటిలో నిజంగా పాడైనవి చాలా తక్కువ. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసే ముందు, రిటర్న్ పెట్టే ముందు ఒక్క పని చేయండి: మధ్యలో ఉన్న హబ్బు (ఒక యూఎస్‌బీ పోర్టును చాలా పోర్టులుగా చేసే డబ్బా), ఎక్స్‌టెన్షన్ కేబులు పీకేసి, బొమ్మ వైరు నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి. "అది ఎప్పుడో చూశాం" అంటారు, వెళ్లి చూస్తే హబ్బు అక్కడే ఉంటుంది!

మోటారు తిరిగినా మిసైల్ ముందుకు పోకుండా కిందకి జారిపడుతోందా? అది గొట్టం అడుగుదాకా దిగలేదు, లేదా ఫోమ్ చీలి గాలి బయటికి పోతోంది. సరిగ్గా నొక్కండి, చీలితే మార్చండి.

ఇక నన్ను బాగా ఏడిపించిన సమస్య. లాంచర్ ఎడమకీ కుడికీ చక్కగా తిరుగుతుంది, ఫైర్ నొక్కితే గుర్రుమని ఆగిపోయి కంప్యూటర్లో డిస్‌కనెక్ట్ సౌండ్ వస్తుంది. తిరగడం తేలిక పని. పేల్చాలంటే మోటారు లోపల గాలిని నొక్కి పట్టాలి, అప్పుడే కరెంటు ఎక్కువ లాగుతుంది. ఓ పుట్టినరోజుకి పక్క బల్ల కింద దాచాలని 3 మీటర్ల సన్నటి ఎక్స్‌టెన్షన్ వేశాను. రెండు బొమ్మలు మార్చాను, సాఫ్ట్‌వేర్ మూడుసార్లు వేశాను, తప్పు కేబుల్‌ది. రానూపోనూ 6 మీటర్ల తీగ, 28 గేజ్ (తీగ లావు చెప్పే నంబరు) అయితే సుమారు 1.3 ఓమ్‌లు, మోటారు 400 మిల్లీ ఆంపియర్లు లాగితే దారిలోనే అర వోల్టు పోతుంది. 5 వోల్టుల్లో అది తక్కువేం కాదు, బొమ్మలోని చిప్ రీసెట్ అయిపోతుంది. అడాప్టర్ లేని హబ్బుదీ ఇదే కథ: యూఎస్‌బీ 2.0 లెక్కలో నేరుగా పెట్టిన పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలి, అలాంటి హబ్బు పోర్టు ఇవ్వాల్సింది 100 మాత్రమే.

దూరంగా దాచక తప్పదంటే సొంత అడాప్టర్ ఉన్న హబ్బును బొమ్మ పక్కనే పెట్టండి. లేదంటే పవర్ తీగలు లావుగా ఉన్న పొట్టి కేబుల్ కొనండి. తొడుగు మీద 28ఏడబ్ల్యూజీ/1పీ, 24ఏడబ్ల్యూజీ/2సీ అని రెండు నంబర్లుంటాయి (ఏడబ్ల్యూజీ అంటే గేజే), చూడాల్సింది 2సీ, అంటే రెండు పవర్ తీగల పక్కనున్నది, అది ఎంత చిన్నదైతే తీగ అంత లావు.

టీ తాగి వచ్చేసరికి కదలకపోతే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (వాడకుండా ఉన్న యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే సెట్టింగ్) ఆపేయండి. అసలు గుర్తించనే లేదంటే ఆఫీసు యూఎస్‌బీ పోర్టుల్ని లాక్ చేసి ఉండొచ్చు, ఐటీ వాళ్లని అడగండి, దొంగదారులు వెతక్కండి. గేరు పళ్లు అరిగితే మోటారు ఖాళీగా తిరిగే చప్పుడు వస్తుంది. నాకు ఒక్కసారే తగిలింది, దానికి కొత్తది కొనుక్కోవడమే.