కారు మాట్లాడుకునే ముందు గాలి సంగతి చూడండి

మన పర్లాకిమిడి వాళ్లకు విమానమంటే విశాఖో భువనేశ్వరో పోవాల్సిందే. పిల్లలు విదేశాల నుంచి వస్తున్నారంటే, వెళ్లేటప్పుడు పట్టిన గంటలను బట్టి వచ్చే టైము లెక్కకట్టకండి.

9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు గాలి ఏరులా పారుతుంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. విమానాలు తిరిగేదీ ఆ ఎత్తులోనే. వంశధారలో పడవకు ఏటివాలూ ఎదురీతా ఎలాగో, అదీ అలాగే. ఢిల్లీ నుంచి లండన్ వెళ్లడానికి పట్టినంత సేపు రావడానికి పట్టదు, గంట దాకా తేడా ఉంటుంది.

మా పెద్దమ్మ న్యూయార్క్ వెళ్తూ సీటు ముందున్న తెర చూసి కంగారుపడింది: "పడమటికి పోకుండా ఉత్తరానికి పోతోందేమిట్రా?" ఇంట్లో గ్లోబు ఉంటే ఢిల్లీ నుంచి న్యూయార్క్‌కు దారం బిగించి చూడండి, అది ధ్రువం వైపే వంగుతుంది. గుండ్రటి భూమ్మీద దగ్గరి దారి అదే. టిబెట్ మీదుగా మాత్రం చాలామటుకు పోరు. విమానంలో గాలి పీడనం పడిపోతే వెంటనే 10,000 అడుగులకు దిగాలి, అక్కడ నేలే అంతకన్నా ఎత్తు!

కాబట్టి చలికాలంలో పడమటికి టికెట్ తీస్తే, మధ్యలో విమానం మారడానికి కనీసం మూడు గంటలు ఉంచుకోండి. వచ్చేవాళ్లను తేవడానికైతే వాళ్లు ఢిల్లీలో మారి ఎక్కి విశాఖలో దిగే విమానం నంబరు అడగండి. ఢిల్లీలో ముందే దిగినా ఆ విమానం దాని టైముకే కదులుతుంది. అది గాల్లోకి లేచిందని ఫోన్‌లో చూసుకున్నాకే డ్రైవరుకు టైము ఖాయం చేయండి.