ఆస్పర్జర్స్ ఉన్న పిల్లకి బడిలో సాయం కావాలా? కాగితం మీద అడగండి

మంచి టీచర్ దొరికితే చాలు, పిల్ల గట్టెక్కినట్టే అనుకుంటారు మనవాళ్ళు. ఆ మంచి టీచర్ ట్రాన్స్‌ఫర్ అయి మోహనకో గుణుపురానికో వెళ్ళిపోతే? కొత్తగా వచ్చినావిడకి మీ పిల్ల చెవులు ఎందుకు మూసుకుంటుందో ఎవరు చెబుతారు? అందుకే బడివాళ్ళు ఏ సాయం చేస్తామన్నా దాన్ని కాగితం మీద పెట్టించండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఈ మాట ఊరికే అనడం లేదు. ఆంధ్రా సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో నాకు జిరాక్సు, డీటీపీ షాపు ఉంది. ఒడియాలో దరఖాస్తులు, తెలుగులో పెళ్ళి శుభలేఖలు, ఇంగ్లీషులో అఫిడవిట్లు కొడుతూ ఉంటాను. ఏ కాగితం కదులుతుందో, ఏది బీరువాలో మగ్గుతుందో రోజూ కళ్ళారా చూసేవాడిని.

మా అమ్మాయికి ఆస్పర్జర్స్, అంటే మాట, చదువు బాగానే ఉన్నా నలుగురితో కలవడం కష్టమయ్యే ఒక రకం ఆటిజం. ఇప్పుడు ఏడో తరగతి. ఒడియా మీడియం. రోడ్డు మీద పోయే బండి నంబరు చూసి ఏ జిల్లాదో ఠక్కున చెప్పేస్తుంది: ఓడీ 20 మన గజపతి, 07 గంజాం, 18 రాయగడ, 10 కొరాపుట్. ఎదురింటి అత్త “బాగున్నావా అమ్మా” అంటే మాత్రం నోరు పెగలదు.

మొదటి పని డాక్టర్ రిపోర్టు. ఆస్పర్జర్స్ అనేది ఇప్పుడు విడి జబ్బుగా రాయడం లేదు. అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో తెచ్చిన మానసిక రుగ్మతల పుస్తకం డీఎస్ఎం-5లో దాన్ని ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్‌లో కలిపేశారు. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది, అందులోనూ ఉన్నది ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డరే. రిపోర్టులో ఉత్త “ఆస్పర్జర్స్” అని ఉంటే, గుమస్తా తన ఫారంలో ఆ పేరు వెతికి, లేదని వెనక్కిస్తాడు. “ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్” అని స్పష్టంగా రాయించండి, పక్కన ఆస్పర్జర్స్ అని ఉన్నా పరవాలేదు.

మనలాంటి సరిహద్దు ఊళ్ళవాళ్ళకి ఇక్కడే ఒక చిక్కుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పిల్ల ఎవరితోనూ కలవకపోతే టీచర్లు “భాష రాక అలా ఉంటోంది, అదే సర్దుకుంటుంది” అంటారు. ఒక్కోసారి డాక్టరు కూడా అదే అంటాడు. తేల్చుకోవడానికి ఒక దారుంది. నది దాటి పాతపట్నంలో మేనత్త ఇంటికి వెళ్ళినప్పుడు, అందరూ తెలుగే మాట్లాడే చోట, తన ఈడు పిల్లల మధ్య ఎలా ఉంటుందో చూడండి. అక్కడ గలగలా మాట్లాడి ఆటల్లో కలిసిపోతే భాషదే తంటా కావచ్చు. అక్కడా ఒక మూల కూర్చుని ఒకే విషయం చెబుతూ ఉంటే భాష మీదకి నెట్టకండి. ఇలాంటివి తేదీలతో ఒక నోటుబుక్కులో రాసి డాక్టర్‌కి చూపించండి. పరీక్ష కూడా పిల్ల ఇంట్లో మాట్లాడే భాషలోనే జరగాలి. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ మనకి దగ్గరే. కానీ తెలుగులో మాట్లాడే డాక్టర్ కోసం మేం గుణుపురం రైలెక్కి విశాఖ వెళ్ళాం.

రిపోర్టు విశాఖలో తెచ్చుకున్నా, వైకల్య సర్టిఫికెట్‌కి, యూడీఐడీ కార్డుకి (వికలాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు మాత్రం మీ ఆధార్‌లో ఏ జిల్లా ఉందో అక్కడే పెట్టండి. ఆన్‌లైన్‌లో స్వావలంబన్ పోర్టల్‌లో పెట్టొచ్చు. ఒడిశాలో దీనికోసమే భీమభోయి పేరుతో బ్లాకుల్లో (మన మండలాల్లాంటివి) క్యాంపులు కూడా పెడతారు, ఎప్పుడో బ్లాకాఫీసులో కనుక్కోండి. కార్డు ఒకసారి వచ్చిందంటే దేశమంతా చెల్లుతుంది.

సర్టిఫికెట్ ఇచ్చే డాక్టర్ల బోర్డు ముందు జరిగేది తెలిసి ఉంటే టెన్షన్ తగ్గుతుంది. ఆటిజానికి మన దేశంలో వాడేది ఐ.ఎస్.ఎ.ఎ. అనే 40 అంశాల కొలమానం. ఒక్కో అంశానికి “అరుదుగా” నుంచి “ఎప్పుడూ” వరకు 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 కంటే తక్కువైతే ఆటిజం లేదంటారు. పిల్లని చూసి కొన్ని నింపుతారు, మిగతావి మనల్ని అడుగుతారు. బాగా మాట్లాడే, లెక్కల్లో ఫస్టొచ్చే పిల్లని చూసి “ఈ పిల్లకేం?” అని తేల్చేయడం తేలిక. మనం మొహమాటానికి “అప్పుడప్పుడూ అండి” అని నసిగితే స్కోరు పడిపోతుంది. పెంచి చెప్పొద్దు, దాచనూ వద్దు. నోటుబుక్కు తీసుకెళ్ళి చదివి వినిపించండి.

“ఆడపిల్ల, సర్టిఫికెట్ తీస్తే రేపు సంబంధాలు వస్తాయా” అని మా అత్తగారు చాలా బెంగపెట్టుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు అలా అంటే పోట్లాడకండి. పెళ్ళివారికి ఆ కాగితం ఎవరు చూపిస్తారు అత్తయ్యా, టెన్త్ పరీక్షకి మాత్రం అది కావాలి అన్నాను. దానికి ఆవిడ ఇంకేమీ అనలేదు.

ఇంకోమాట, సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా బడిని అడగకుండా కూర్చోకండి. వైకల్యం 40 శాతం ఉండాలన్నది 18 ఏళ్ళదాకా ఉచిత చదువు లాంటి కొన్నింటికి పెట్టిన గీత. వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం బడి పిల్లని వివక్ష లేకుండా చేర్చుకుని, ఆ పిల్లకి తగ్గట్టు ఏర్పాట్లు చేయాలి, దానికి ఆ గీత లేదు. అది సర్కారు డబ్బుతో నడిచే బడికే కాదు, గుర్తింపు ఉన్న ప్రైవేటు బడికీ వర్తిస్తుంది. డాక్టర్ రిపోర్టుతోనే మొదలుపెట్టండి.

అన్నిటికన్నా పనికొచ్చేది ఒక్క పేజీ కాగితం. డాక్టర్ రిపోర్టు ఆరు పేజీలుంటే ఏ టీచరూ చదవదు. “దయచేసి ప్రత్యేక శ్రద్ధ చూపగలరు” అని రాసినా ప్రయోజనం లేదు, రేపు పొద్దున్న ఏం చేయాలో అందులో ఎక్కడుంది? మీ పిల్లకి ఎక్కడ ఇబ్బందో, అప్పుడు బడి ఏం చేయాలో, అదే రాయండి. మేం ఒడియాలో కొట్టి ఇచ్చినదాంట్లో కొన్ని లైన్లు తెలుగులో చెబుతాను:

“ప్రార్థనలో మైకు దగ్గర నిలబడటం తనవల్ల కాదు. వరసలో చివర నిలబెట్టండి.

పీరియడ్ మారినా, టీచర్ రాకపోయినా పొద్దున్నే చెప్పండి. బోర్డు మూల రాసినా చాలు.

‘కాసేపాగు’ అంటే ఎంతసేపో తెలియదు. ‘ఈ లెక్క అయ్యాక రా’ అనండి.

‘నీకు బుద్ధుందా’ అని అడిగితే ‘ఉంది’ అంటుంది. అది పొగరు కాదు, అడిగినదానికి జవాబు.

దాల్మా (కూరగాయలు వేసిన పప్పు) అన్నంలో పోస్తే తినదు. పక్కన విడిగా వేయండి.

ఏడుస్తూ బల్ల కిందకి దూరితే చుట్టూ మూగకండి, చెయ్యి పట్టి లాగకండి. పది నిమిషాలు లైబ్రరీ గదిలో కూర్చోనివ్వండి, తనే వస్తుంది.

ఎవరైనా ఏడిపిస్తే చెప్పుకోవడానికి ఒక టీచర్ పేరు ఇక్కడ రాయండి: ______”

ఆ ఆఖరి ఖాళీ ముఖ్యం. “ఏమైనా ఉంటే టీచర్‌కి చెప్పు” అంటే ఈ పిల్లలు ఏ టీచర్‌కి అని ఆలోచిస్తూ ఉండిపోతారు. మా అమ్మాయి చెవి దగ్గర చప్పట్లు కొట్టి తమాషా చూసే పిల్లలుండేవారు. పేరు రాసి ఉన్న టీచర్ దగ్గరికి తిన్నగా వెళ్ళి చెప్పడం మొదలయ్యాకే అది ఆగింది.

కాగితం పట్టుకుని గేటు దగ్గర, బెల్లు కొట్టే వేళ వెళ్ళకండి. హెడ్‌మాస్టర్ దగ్గర టైము తీసుకుని, క్లాస్ టీచర్ కూడా ఉండేలా చూసుకుని కూర్చోండి. మీ ఒడియా అంతంతమాత్రమైతే బాగా మాట్లాడేవాళ్ళని వెంట తీసుకెళ్ళండి, మొహమాటపడకండి. సెక్షన్లు మొదటిరోజే తీయకండి. ముందు పైసా ఖర్చులేనివి అడగండి: ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ నిలబడాలి, మార్పు ముందే చెప్పడం. “అందరు పిల్లల్నీ ఒకేలా చూడాలి కదా సార్” అంటారు. మా క్లాస్ టీచరమ్మ అలాగే అంటే నేను “నిజమే గురుమా, వరసలో చివర నిలబడితే ఎవరికైనా తక్కువవుతుందా?” అన్నాను. ఆవిడ నవ్వి సరేనన్నారు. పిల్లకి ఇష్టమైనది కూడా చెప్పండి. బండి నంబర్ల పిచ్చి సంగతి విని సోషల్ సార్ ఒడిశా 30 జిల్లాల మ్యాపు బోర్డు మీద నింపమని తనకి ఇచ్చారు. ఆ వారమంతా బడికి బయల్దేరమని మేం చెప్పాల్సిన పని లేకపోయింది.

మర్నాడు ఒక ఉత్తరం ఇవ్వండి. “నిన్న మాట్లాడుకున్న ప్రకారం ఈ కింది ఏర్పాట్లకు మీరు ఒప్పుకున్నారు, ధన్యవాదాలు” అని రాసి, ఒక్కొక్కటీ వరసగా పెట్టండి. రెండు కాపీలు. ఒకటి బడికి, రెండోదాని మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. ముద్ర వేయడానికి తటపటాయిస్తే గొడవపడకుండా అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. నోటితో ఒప్పుకున్నవి మరుపున పడతాయి. ముద్ర పడ్డ కాగితం ఉంటే కొత్త హెడ్‌మాస్టర్‌తో మళ్ళీ మొదటినుంచీ చెప్పుకోనక్కర్లేదు.

సమగ్ర శిక్ష అనే సర్కారు బడి చదువుల పథకంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం విడిగా నిధులూ, టీచర్లూ ఉంటారు. మీ బ్లాకు విద్యాధికారి ఆఫీసుకి వెళ్ళి పిల్ల పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. పేరు లేకపోతే బడికి ఎవరూ రారు.

పరీక్షల సంగతి తొమ్మిదిలో బోర్డు రిజిస్ట్రేషన్ జరిగేలోపే కదపాలి, టెన్త్ హాల్ టికెట్లు వచ్చాక కాదు. కేంద్ర మార్గదర్శకాల్లో గంటకి కనీసం 20 నిమిషాలు అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టేవాళ్ళు ఉన్నారు. సీబీఎస్ఈలో మూడో భాష మినహాయింపు కూడా ఉంది. ఒడిశా బోర్డు బడి అయితే హెడ్‌మాస్టర్ ద్వారా రాతపూర్వకంగా అడగండి. నన్నడిగితే ఈ పిల్లలకి రాసిపెట్టేవాళ్ళ కంటే అదనపు సమయం, గోల లేని గది నయం. ముక్కూమొహం తెలియని మనిషి పక్కన కూర్చుంటే మా అమ్మాయికి వచ్చిన జవాబు కూడా నోట్లోంచి రాదు. ఆ సమయం యూనిట్ టెస్టుల్లోనే వాడటం అలవాటు చేయించండి.

ఎంత అడిగినా బడి వినకపోతే హెడ్‌మాస్టర్, బ్లాకు విద్యాధికారి, జిల్లా విద్యాధికారి, ఈ వరసలో రాతపూర్వకంగా వెళ్ళండి. ప్రతి ఉత్తరానికీ ముందుదాని కాపీ జత చేయండి. అక్కడా కాకపోతే భువనేశ్వర్‌లో వికలాంగుల రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. కొట్టడం, తిట్టి అవమానించడం జరిగితే మాత్రం వరస చూడక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ రెండిటినీ నిషేధించింది, అదేరోజు రాసి ఇవ్వండి.

పాతపట్నంలో తెలుగు మీడియంలో వేసేద్దామా అని చాలామంది అడుగుతారు. ఒడియా నిజంగా బరువైతే ఆలోచించవచ్చు. అయితే బడి మారడమే ఈ పిల్లలకి పెద్ద దెబ్బ. మార్చేట్టయితే సెలవుల్లోనే తీసుకెళ్ళి గది, బల్ల, నీళ్ళ కుళాయి, బాత్రూమ్ అన్నీ చూపించండి.

ఒక్క పేజీ కాగితాన్ని ఏటా కొత్త క్లాసుకి ముందు పిల్లని పక్కన కూర్చోబెట్టుకునే మార్చండి. ఈసారి మా అమ్మాయి దాల్మా లైను తనే కొట్టేసింది, ఇప్పుడు కలిపినా తింటోందట. దాని చోట ఇంకొకటి టైపు చేయమంది: “గ్రూపులో పని ఇస్తే నేను ఏ భాగం చేయాలో చెప్పండి, మిగతావాళ్ళని అడిగి తెలుసుకోమనకండి.”