డెబియన్‌లో కొత్త లైబ్రరీని చేర్చడం ఎలా?

పని మొదలుపెట్టే ముందు ఆ లైబ్రరీ (ప్రోగ్రాములు పంచుకునే కోడ్) ఇప్పటికే డెబియన్ అనే లినక్స్ వ్యవస్థలో ఉందేమో, ఇంకెవరైనా తలకెత్తుకున్నారేమో చూడండి. పని కావలసిన, రాబోయే ప్యాకేజీల జాబితా డబ్ల్యూఎన్‌పీపీ ఉన్నది ఇందుకే. ఎవరూ లేకపోతే ఐటీపీ నమోదు చేయండి. అంటే ‘దీని పని నేను చూస్తాను’ అని చెప్పే బగ్ రిపోర్టు.

కావలసినవి కొన్నే: డెబియన్ అన్‌స్టేబుల్ (కొత్త ప్యాకేజీలు ముందుగా చేరే శాఖ), డెబ్‌హెల్పర్ (ప్యాకేజీ కట్టే పనిముట్లు), ఎస్‌బిల్డ్ (శుభ్రమైన వాతావరణంలో బిల్డ్ చేసేది), లింటియన్ (ప్యాకేజీలో తప్పులు పట్టేది). నమూనా ఫైళ్లు పుట్టించే డీహెచ్ మేక్ మాత్రం వద్దు. అది పరిచిపోయిన చెత్త ఊడ్చడానికే పూట గడిచిపోతుంది. కంట్రోల్ (ప్యాకేజీ వివరాలు), రూల్స్ (కట్టే విధానం), చేంజ్‌లాగ్ (మార్పుల చిట్టా), కాపీరైట్ ఫైళ్లను చేత్తోనే రాసుకోండి. రూల్స్‌కు సాధారణంగా మూడు లైన్లు చాలు. డెబ్‌హెల్పర్ ఏ తరం పద్ధతిలో నడవాలో చెప్పే కంపాట్ స్థాయి 13 పెట్టండి.

తర్వాత లైబ్రరీని విడగొట్టాలి. ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే షేర్డ్ లైబ్రరీ ఒక ప్యాకేజీ. ఆ లైబ్రరీతో ప్రోగ్రాములు కట్టేవారికి కావలసిన హెడర్ ఫైళ్లు, పీకేజీ కాన్ఫిగ్ ఫైలు, అంకె లేని సింబాలిక్ లింకు డెవ్ ప్యాకేజీలోకి వెళతాయి. కమాండ్ లైన్ పనిముట్లు ఉంటే వాటికి మూడోది. ‘చిన్న పనిముట్టే కదా’ అని దాన్ని లైబ్రరీతో కలిపేస్తే, రేపు పాత లైబ్రరీ, కొత్త లైబ్రరీ ఒకే యంత్రంలో పక్కపక్కన ఉండవలసి వచ్చినప్పుడు రెండూ ఒకే ఫైలు కోసం కొట్టుకుంటాయి.

ఇక అందరూ బోల్తా పడే చోటు: లైబ్రరీ ప్యాకేజీ పేరు చివరి అంకె. అది సాఫ్ట్‌వేర్ వెర్షన్ కాదు, సోనేమ్‌లోని (లైబ్రరీ ఫైలు లోపల రాసి ఉండే పేరులోని) అంకె. నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ వెర్షన్ 8కి చేరింది. దాని లైబ్రరీ సోనేమ్ 2006 నుంచి 4 దగ్గరే ఉంది. అందుకే ప్యాకేజీ పేరు లిబ్‌కర్ల్4గా ఉండేది; 2024లో దాని చివర టీ64 చేరింది, ఆ కథ కింద ఉంది. ఊహించి రాయకండి. బిల్డ్ అయిన ఫైలుపై, దాని లోపలి వివరాలు చూపే ఆబ్జ్‌డంప్ నడిపి, సోనేమ్ అన్న లైను కళ్లారా చూడండి. లైబ్రరీలు కట్టే పనిముట్టు లిబ్‌టూల్‌తో కట్టినవాటిలో 7:0:3 వంటి వరుస కనిపిస్తే మొదటి అంకెను ఎత్తి రాసేవాళ్లను ఎంతమందిని చూశానో. లినక్స్‌లో మొదటిదాంట్లోంచి చివరిది తీసేయాలి. ఇక్కడ జవాబు 4.

అంకె సరిపోయినంత మాత్రాన గండం గడవలేదు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఏబీఐ, అంటే కట్టేసిన ప్రోగ్రాములు లైబ్రరీతో మాట్లాడే తీరు, మారిందేమో చూడాలి. లైబ్రరీ బయటికిచ్చే ఫంక్షన్ల పేర్ల జాబితా అయిన సింబల్స్ ఫైలు తప్పక పెట్టండి. ఏదైనా ఫంక్షన్ మాయమైతే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది. అప్పుడు కొందరు ఆ లైను చెరిపేసి బిల్డ్‌ను ముందుకు తోస్తారు. కారణం నాకు తెలుసు: ప్యాకేజీ పేరు మారితే మళ్లీ, కొత్త ప్యాకేజీలను తనిఖీ చేసే న్యూ క్యూలో నిలబడాలి. ఆ ఎదురుచూపు తప్పించుకోవడానికి మీరు చెరిపిన ఒక్క లైను వల్ల ఇతరుల ప్రోగ్రాములు కూలిపోతాయి.

సింబల్స్ ఫైలు కూడా అన్నీ పట్టదు. ఒకసారి ఒక చిత్రాల లైబ్రరీలో మూల రచయిత స్ట్రక్చర్ (డేటా అమరిక) మధ్యలో కొత్త ఫీల్డు ఇరికించారు. ఫంక్షన్ల పేర్లన్నీ యథాతథం, బిల్డ్ పచ్చగా ఉంది. పాత హెడర్‌తో కట్టిన ప్రోగ్రాము మాత్రం వెడల్పు ఉండవలసిన చోట ఇంకేదో చదివి, 800 పిక్సెళ్ల చిత్రానికి వెడల్పు సున్నా అంది. రెండు రోజులు నా కోడ్‌నే తిట్టుకున్నాను. అప్పటి నుంచి పాత, కొత్త లైబ్రరీలను ఏబీఐ తేడాలు చూపే ఏబీఐడిఫ్‌తో పోల్చనిదే అప్‌లోడ్ చేయను.

సోనేమ్ కదలకుండానే ఏబీఐ మారడం అరుదేమీ కాదు. 32 బిట్లలో కాలం లెక్క 2038లో నిండిపోయే సమస్య కోసం 32 బిట్ల యంత్రాల్లో కాలాన్ని 64 బిట్లకు మార్చిన 2024లో, డెబియన్ వందల ప్యాకేజీల పేర్లకు టీ64 తగిలించింది. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 అలాగే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 అయింది. పేరు మార్చడం అంత అనవసరమే అయితే అంతమంది అంత శ్రమ పడేవారు కాదు.

మిగతాది తేలిక. ఎస్‌బిల్డ్‌తో శుభ్రమైన వాతావరణంలో కట్టండి. మీ యంత్రంలో కట్టి ‘నాకు పనిచేసింది’ అనకండి. బిల్డ్ మధ్యలో నెట్ నుంచి ఏదీ దించుకోకూడదు. మూల కోడ్‌తో పాటు వేరే లైబ్రరీల కాపీలు వస్తే వాటిని పక్కన పెట్టి డెబియన్‌లో ఉన్నవాటినే వాడండి. లింటియన్ సణుగుడు విని సరిదిద్దుకోండి. మీకు అప్‌లోడ్ హక్కు లేకపోతే మీ తరఫున అప్‌లోడ్ చేసే స్పాన్సర్‌ను వెతుక్కోవాలి.

పంపే ముందు కాపీరైట్ ఫైలును ఇంకోసారి చూడండి. ప్రధాన లైసెన్సు ఒక్కటి రాసి ఊరుకుంటే చాలదు, పరీక్షల డైరెక్టరీ మూలల్లోకీ వెళ్లాలి. నా మొదటి ప్యాకేజీని న్యూ క్యూ నుంచి తిప్పి పంపింది అక్కడ దాగిన, లైసెన్సు లేని ఒక ఫాంటు వల్లే.