ఫోన్ కొనేముందు షాపులోనే కెమెరాను పరీక్షించడం ఎలా?

షాపు లైట్ల కింద ఏ ఫోన్‌తో తీసినా ఫొటో బాగానే వస్తుంది. అసలు తేడా మసక వెలుతురులో, కుదురుగా ఉండని పిల్లల దగ్గర, ఎదురు వెలుగులో బయటపడుతుంది. పరీక్ష కూడా అక్కడే పెట్టాలి. అరగంట చాలు. మీ పాత ఫోన్, వెంట ఒక మనిషి, జరీ అంచున్న ముదురు ఎరుపు జాకెట్టు ముక్క తీసుకెళ్లండి.

బోర్డు మీది మెగాపిక్సెళ్లను చూసి మురిసిపోవద్దు. 50 మెగాపిక్సెల్ ఫోన్లలో చాలావరకు నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తాయి. 200 అని రాసినవి పదహారేసి కలుపుతాయి, మామూలు మోడ్‌లో చేతికొచ్చేది మళ్లీ 12.5.

1. ముందు లెన్స్ తుడవండి. డెమో ఫోన్ మీద పొద్దుటి నుంచీ ఎందరి వేళ్లు పడ్డాయో! ఆ జిడ్డుకి లైట్ల చుట్టూ పొగ కమ్మినట్టు వస్తుంది, తప్పు కెమెరాది అనుకుంటాం. తర్వాత సెట్టింగుల్లో బ్యూటీ, ఫిల్టర్లు ఆపేయండి.

2. వేగం చూడండి. స్క్రీన్ ఆపి, పవర్ బటన్ రెండుసార్లు నొక్కి (చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కెమెరా ఇలాగే తెరుచుకుంటుంది), వెంటనే ఫొటో తీయండి. తర్వాత వెంట వచ్చినవాళ్లను చెయ్యి ఊపుతూ నడవమని వరసగా ఆరు ఫొటోలు తీయండి. చెయ్యి చెదిరిపోతే గ్యాలరీలో ఆ ఫొటో వివరాలు తెరిచి షట్టర్ వేగం చూడండి. 1/25 సెకను దగ్గర ఉంటే, ఫొటోలో మచ్చలు రాకుండా ఆ ఫోన్ షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతోందన్నమాట. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద పరుగెత్తే పిల్లవాడు అలాంటి ఫోన్‌కి దొరకడు. అదే వెలుతురులో 1/100కి వెళ్లేదే నయం, కాస్త గరుకు కనిపించినా సరే.

3. మనిషి రంగు, బట్ట రంగు. మనిషిని అద్దాల తలుపుకి వీపు పెట్టి నిలబెట్టి, మీరు లోపలి నుంచి తీయండి. ముఖమూ కనబడాలి, వెనక వీధీ తెల్లగా పాలిపోకూడదు. చాలా ఫోన్లు ఇక్కడ చామనఛాయ ముఖానికి పౌడరు అద్దినట్టు చేస్తాయి, లేదా బూడిదరంగులోకి దింపుతాయి. జుట్టు చుట్టూ తెల్లటి గీత వచ్చిందేమో పెద్దది చేసి చూడండి.

ఇప్పుడు జాకెట్టు ముక్క. ముదురు ఎరుపు దగ్గర కెమెరా తొందరగా తడబడుతుంది. ఎరుపు హద్దు దాటితే నేత, మడతలు పోయి రంగు పూసిన అట్టలా మిగులుతుంది. పట్టుచీరల ఫొటోలు పాడయ్యేది ఇందుకే. డెమో ఫోన్ తెరను నమ్మొద్దు, దాని రంగులు పెంచి పెట్టి ఉండవచ్చు. క్విక్ షేర్‌తో (ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైళ్లు దగ్గరి ఫోన్‌కి పంపే సదుపాయం) పాత ఫోన్‌కి పంపుకుని, పాతదానితో అక్కడే తీసిన ఫొటో పక్కన పెట్టి చూడండి. వాట్సాప్‌లో పంపితే మాత్రం డాక్యుమెంట్‌గానే పంపాలి, లేకపోతే నాణ్యత తగ్గిపోతుంది.

4. లెన్సులు నిజంగా పనిచేస్తున్నాయా? 3ఎక్స్ నొక్కి, వెనక లెన్సులను ఒక్కొక్కటిగా వేలితో మూయండి. జూమ్ లెన్స్ మూసినా బొమ్మ నల్లబడకపోతే, ఫోన్ ప్రధాన కెమెరా బొమ్మనే కత్తిరించి చూపిస్తోందన్నమాట. వెలుతురు తక్కువైతే మంచి ఫోన్లు కూడా ఇలా చేస్తాయి కాబట్టి ఈ పరీక్ష వాకిట్లో చేయండి. 2 మెగాపిక్సెళ్ల మాక్రో లెన్స్‌ను (మరీ దగ్గరి వస్తువులు తీయడానికి పెట్టేది) లెక్కలోకే తీసుకోవద్దు. అట్టపెట్టె మీద లెన్సుల సంఖ్య పెంచడానికే అది ఎక్కువగా పనికొస్తుంది. రశీదు మీది చిన్న అక్షరాలను దగ్గరగా తీసినప్పుడు మసకగా వస్తే కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి. పెద్ద సెన్సర్ (వెలుగును పట్టే చిప్) ఉన్న కెమెరాలు మరీ దగ్గరి వస్తువు మీద ఫోకస్ కుదుర్చుకోలేవు.

5. వీడియో. 4కె, సెకనుకు 30 ఫ్రేములు పెట్టి ఇరవై అడుగులు నడవండి, నడుస్తూనే లెన్స్ మార్చండి. మారేటప్పుడు రంగు గెంతుతుందా, బొమ్మ కుదుపుతుందా చూడండి. తెర మీద చారలు పాకితే సెట్టింగుల్లో ఫ్లికర్ (లైట్ల మినుకును సర్దేది) 50 హెర్ట్జ్‌కి ఉందో లేదో చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్, చౌక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 4కె వీడియో నిమిషానికి సుమారు 170 నుంచి 350 ఎంబీ తింటుంది. గంట పెళ్లి తీస్తే 10 నుంచి 21 జీబీ. 128 జీబీ ఫోన్ తీసుకునేవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

6. చివరగా చీకటి మూల. నైట్ మోడ్ ఆపి ఒకటి, పెట్టి ఒకటి తీయండి. రెండో దాంట్లో అక్షరాలు చదవగలిగేలా ఉండాలి, చీకటి మాత్రం చీకటిలాగే మిగలాలి.

కొన్నాక ఫోన్‌ను బైక్ హ్యాండిల్‌కి నేరుగా బిగించొద్దు. ఇంజిన్ అదురుడు వల్ల లెన్స్‌ను నిలకడగా ఉంచే యంత్రాంగం, ఆటోఫోకస్ దెబ్బతినవచ్చని ఆపిల్ కంపెనీ 2021లో స్వయంగా హెచ్చరించింది. మ్యాప్ చూడక తప్పదంటే అదురుడు తగ్గించే డంపర్ ఉన్న హోల్డర్ కొనండి.