ఎక్సెల్ మాక్రోతో కొత్త ఫైళ్లు సేవ్ చేసే ముందు జాగ్రత్తలు

మాక్రో అంటే ఎక్సెల్‌లో పనులను తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రాం. ముందుగా అసలు ఫైలుకు నకలు తీసి వేరే ఫోల్డరులో పెట్టుకోండి. సేవ్ అయిపోయిన దాన్ని అన్‌డూ వెనక్కి తేలేదు.

• పేరులోకి తేదీ 05/06/2025 అని రానివ్వకండి. వాలు గీత ఫైలు పేరులో చెల్లదు. 2025-06-05 అని రాస్తే ఫైళ్లు వరుసలో కూడా ఉంటాయి. సెల్ నుంచి పేరు తీసుకుంటే : * ? గుర్తులనూ తొలగించండి.

• అన్నిటికన్నా ముఖ్యమైనది: మాక్రోలో డిస్‌ప్లే అలర్ట్స్‌ను (హెచ్చరికలు చూపించే సెట్టింగు, DisplayAlerts) ఫాల్స్ చేస్తే, అంటే ఆపేస్తే, అదే పేరున్న పాత ఫైలును ఒక్క మాటైనా అడగకుండా కొత్తది చెరిపేస్తుంది. ఒక నెల జీతాల పట్టిక అలాగే పోయింది. తెల్లవారేదాకా కూర్చుని మళ్లీ తయారుచేశాను. ముందు డిర్‌తో (ఫైలు ఉందో లేదో చూసే Dir ఆదేశం) వెతికించండి, ఆ పేరు ఉంటే చివర _2 చేర్పించండి.

• కొత్త ఫైలులో మాక్రోలు ఉండాలంటే సేవ్ చేసే ఆదేశంలో ఫైల్ ఫార్మాట్ (FileFormat) సంఖ్య 52, వద్దంటే 51. ఫైలు పేరు చివరి పొడిగింపు దానికి సరిపోవాలి: 52కి .xlsm, 51కి .xlsx.

• సేవ్ చేయబోయే ఫోల్డరు ఉందా? అదీ ముందే చూసుకోండి.