పత్తి ఆకులో ఏపీఎక్స్ జీన్ పెరిగింది, ఎంజైమ్ మాత్రం కదలట్లేదు: సమస్య - పరిష్కారం

సమస్య: నీళ్లు ఆపిన పత్తి కుండీల్లో క్యూపీసీఆర్ (జీన్ ఎంత చురుగ్గా ఉందో కొలిచే పరీక్ష) చేస్తే, ఆస్కార్బేట్ (విటమిన్ సి) సాయంతో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ (ఏపీఎక్స్) ఎంజైమ్ జీన్ నాలుగైదు రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. అవే ఆకుల్లో ఎంజైమ్ కొలిస్తే కంట్రోల్‌తో (నీళ్లు పోసిన మొక్కలతో) సమానం, ఒక్కోసారి ఇంకా తక్కువ. ఇక థీసిస్‌లో "ట్రాన్స్‌క్రిప్షన్ తర్వాతి నియంత్రణ" (జీన్ నకలు తయారయ్యాక జరిగే అదుపు) అని ఒక పేరా పడిపోతుంది. అలాంటి నియంత్రణ ఉండొచ్చు, కాదనను. ముందు కింద చెప్పినవి చూడండి.

ఎవరూ చూడనివి: క్యూవెట్, అంటే ద్రావణం పోసి వెలుగుతో కొలిచే చిన్న పాత్ర. ఏపీఎక్స్‌ని 290, పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే మరో ఎంజైమ్ కాటలేజ్‌ని 240 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. మామూలు గాజు, ప్లాస్టిక్ క్యూవెట్లు అక్కడ వెలుగును మింగేస్తాయి. క్వార్ట్జ్ క్యూవెట్టే వాడాలి.

తర్వాత పెరాక్సైడ్ సీసా. పదేపదే మూత తీస్తుంటే 30 శాతం ద్రావణం బలం తగ్గిపోతుంది, లేబుల్ మాత్రం 30 అనే చెబుతుంది. 50 ఎం.ఎల్. బఫర్‌లో 50 మైక్రోలీటర్లు కలిపి 240 దగ్గర చూడండి. అబ్జార్బెన్స్ (ద్రావణం మింగిన వెలుగు) 0.38 - 0.40 రావాలి. 0.2 వస్తే కొత్త సీసా తెప్పించుకోండి.

ఆకు కోత కూడా. గుంటూరు దగ్గరి లాం పొలంలో కోసిన ఆకుల్ని ప్లాస్టిక్ కవర్లో వేసుకుని విజయవాడ ల్యాబ్ దాకా గంట ప్రయాణం చేస్తే, మీరు కొలిచేది బెట్ట ప్రభావం కాదు, కోత గాయం ప్రభావం. కోసిన చోటే లిక్విడ్ నైట్రోజన్‌లో వేయాలి. పైనుంచి మూడో నాలుగో ఆకు, పూర్తిగా విచ్చుకున్నది, అన్ని మొక్కల్లోనూ ఒకే సమయానికి.

ఎక్స్‌ట్రాక్ట్ గోధుమరంగుకు తిరిగితే: పత్తిలో ఫినాల్స్, గాసిపాల్ ఎక్కువ. ఆకు నూరగానే అవి ఆక్సీకరణ చెంది ప్రోటీన్లను పట్టేసుకుంటాయి. నూరే బఫర్‌లోనే 2 శాతం పీవీపీపీ (ఫినాల్స్‌ని పట్టేసే పొడి) ఉండాలి. రంగు తిరిగాక కలిపితే లాభం లేదు. ఫినాల్స్ మిగిలితే బ్రాడ్‌ఫోర్డ్ (ప్రోటీన్ కొలిచే పరీక్ష) రీడింగ్ కూడా నమ్మలేం.

అసలు దొంగ: నూరే బఫర్‌లో ఆస్కార్బేట్ లేకపోవడం

రియాక్షన్ మిక్స్‌లో ఆస్కార్బేట్ అందరూ వేస్తారు, ప్రోటోకాల్‌లో పెద్దక్షరాలతో ఉంటుంది కాబట్టి. నూరే బఫర్‌లో వేయరు. ఎస్‌ఓడీ (సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్), కాటలేజ్, పీఓడీ (గ్వయకాల్ పెరాక్సిడేజ్), ఏపీఎక్స్ ఎంజైములు అన్నిటికీ ఒకే ఎక్స్‌ట్రాక్ట్ సరిపెట్టాలనే పొదుపే దీనికి కారణం.

చుట్టూ ఆస్కార్బేట్ తగ్గితే ఏపీఎక్స్‌ని దాని సబ్‌స్ట్రేటే, అంటే హైడ్రోజన్ పెరాక్సైడే, చంపేస్తుంది. సైటోసాల్ (కణద్రవం) రకాలు కాసేపు తట్టుకుంటాయి. క్లోరోప్లాస్ట్ రకాలు నిమిషం కూడా ఆగవు. సెంట్రిఫ్యూజ్‌లో పెట్టేలోపే పోతాయి, తర్వాత రియాక్షన్‌లో ఎంత ఆస్కార్బేట్ పోసినా తిరిగి రావు.

ఇంకో మెలిక ఉంది. నష్టం అన్ని శాంపిళ్లకూ సమానంగా జరిగితే పోల్చడానికైనా పనికొచ్చేది. బెట్టకు గురైన ఆకులో సొంత ఆస్కార్బేట్ తరిగి, పెరాక్సైడ్ పెరిగి ఉంటే, నూరేటప్పుడు కంట్రోల్ కంటే దాని ఎంజైమే ఎక్కువ పోతుంది. జీన్ పైకి, ఎంజైమ్ కిందికి అనే చిత్రమైన గ్రాఫ్ ఇలాగే పుడుతుంది.

నిర్ధారణకు ఒక్క పూట చాలు. బెట్ట ఆకు పొడి ఒకటే తీసుకుని రెండు మోర్టార్లలో, ఒకటి ఆస్కార్బేట్‌తో, ఒకటి లేకుండా నూరండి. రీడింగుల్లో తేడా గట్టిగా కనిపిస్తే దొంగ దొరికినట్టే.

పరిష్కారం: నైట్రోజన్‌లో నూరిన పొడిని 0.2 గ్రాముల చొప్పున రెండు ట్యూబుల్లో తూచండి. ఒకటి ఏపీఎక్స్‌కి మాత్రమే. దానికి 2 ఎం.ఎల్. బఫర్: 50 మిల్లీమోలార్ పొటాషియం ఫాస్ఫేట్, పీహెచ్ 7.0, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ, 2 శాతం పీవీపీపీ, 1 మిల్లీమోలార్ ఆస్కార్బేట్. అంటే 100 ఎం.ఎల్.కి 17.6 మిల్లీగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం, అప్పటికప్పుడు కలిపింది. నిన్నటిది వద్దు. రెండో ట్యూబుకి ఇదే బఫర్, ఆస్కార్బేట్ లేకుండా. ఎస్‌ఓడీ పరీక్షలో ఆస్కార్బేట్ నేరుగా ఎన్‌బీటీని (ఆ పరీక్షలో రంగు మారే రసాయనాన్ని) రంగు తిప్పేస్తుంది, గ్వయకాల్ పెరాక్సిడేజ్‌లో రంగు రావడాన్ని ఆలస్యం చేస్తుంది. అందుకే రెండు ట్యూబులు.

4 డిగ్రీల దగ్గర 12,000 జీ, 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి (ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, కాదు; జీ, అంటే గురుత్వానికి ఎన్ని రెట్లో). మే నెలలో గుంటూరు కరెంటును నమ్ముకుని సెంట్రిఫ్యూజ్ చల్లబడిందనుకోకండి, డిస్‌ప్లే చూసి ట్యూబులు పెట్టండి. కొలత అదే రోజు అయిపోవాలి.

రియాక్షన్‌లో 0.5 మిల్లీమోలార్ ఆస్కార్బేట్, 0.1 మిల్లీమోలార్ పెరాక్సైడ్. ఎంజైమ్ వేయకముందు ఒక సెంటీమీటర్ క్యూవెట్‌లో 290 దగ్గర దాదాపు 1.4 చూపించాలి, ఎందుకంటే ఆస్కార్బేట్ ఎక్స్‌టింక్షన్ కోఎఫిషియంట్ (వెలుగును మింగే బలం) మిల్లీమోలార్‌కు 2.8. బాగా తక్కువ చూపిస్తే ఆస్కార్బేట్ చెడిపోయింది. పెరాక్సైడ్‌ని చివర్లో వేసి మొదటి నిమిషం తగ్గుదల తీసుకోండి. పెరాక్సైడ్ లేకుండా ఎంత తగ్గుతుందో కూడా చూసి, అది తీసేయండి.

అరుదైనవి: మనం ఎక్కువగా పండించే పత్తి టెట్రాప్లాయిడ్ (నాలుగు క్రోమోజోమ్ సెట్లున్నది), ఏ - డీ జీనోముల కాపీలు రెండూ ఉంటాయి. ప్రైమర్ ఒక కాపీనే పట్టొచ్చు, అది గమనించండి. యూబీక్యూ7 ఒక్కదాన్నే రిఫరెన్స్‌గా (పోల్చడానికి వాడే స్థిర జీన్‌గా) పెట్టుకోకుండా ఇంకోటి జతచేయండి. ఆర్‌ఎన్‌ఏ 260/230 నిష్పత్తి (శుద్ధత కొలత) 1.8 కంటే బాగా తక్కువైతే ఆ శాంపిల్‌తో క్యూపీసీఆర్‌కి వెళ్లొద్దు, సీటాబ్ (సీటీఏబీ అనే డిటర్జెంట్ వాడే) పద్ధతిలో మళ్లీ తీయండి.